మెషీన్ 9,400 అంటోంది, చాంబర్ 8,000 అంటోంది. ఎవరిని నమ్మాలి?

వీణ_డీఎంఎల్‌టీ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఖమ్మం దగ్గర ఓ చిన్న టౌన్‌లో ల్యాబ్ మాది. రోజుకి నలభై యాభై సీబీపీలు (రక్తకణాల లెక్క పరీక్షలు) వస్తాయి. ఉన్నది త్రీ పార్ట్ మెషీన్, తెల్లకణాల్ని మూడు రకాలుగా విడదీసేది.

వారం రోజులుగా ఎదురు క్లినిక్ డాక్టర్ గారు ఒకటే మాట. "ఏంటమ్మా, మీ దగ్గరికి ఎవర్ని పంపినా తెల్లకణాలు ఎక్కువే వస్తున్నాయి, ఊరంతా ఇన్ఫెక్షనేనా?" నవ్వుతూనే అంటున్నారు గానీ నాకు గుచ్చుకుంటోంది.

నిన్న సాయంత్రం రద్దీ తగ్గాక బీరువా మీదున్న న్యూబార్ చాంబర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) దింపి, దుమ్ము తుడిచి, ఒక శాంపిల్ టర్క్స్ ఫ్లూయిడ్‌తో (ఎర్రకణాల్ని కరిగించే మందు) చేత్తో లెక్కపెట్టా. నాలుగు మూలల గళ్లలో కలిపి 160 కణాలు. 50తో గుణిస్తే 8,000. అదే ట్యూబ్ మెషీన్ కింద పెడితే 9,400.

మా ఓనర్ గారికి చెబితే "లక్షలు పోసి కొన్న మెషీన్ కంటే నీ కళ్లు ఎక్కువా?" అన్నారు. మెషీన్ సరిచూసుకోవడానికి వాడే, కౌంట్ ముందే తెలిసిన కంట్రోల్ వయల్స్ అయిపోయి నెల దాటింది, అడిగితే వచ్చే నెల అంటున్నారు. నేనేం చేయాలి? చెప్పండి ప్లీజ్.

గుంటూరు_మాస్టారు · సోమవారం రాత్రి 10:05

నీ కళ్లే ఎక్కువమ్మా. ముప్పయ్యొక్క సంవత్సరాలు టీసీలు (తెల్లకణాల మొత్తం లెక్క), డీసీలు (రకాలవారీ లెక్క) చేత్తో చేసి రిటైరయినవాణ్ణి. పొద్దున్నే ఓపీ మొదలయ్యేసరికి ఇరవై పిపెట్లు వరుసగా పేర్చుకుని కూర్చునేవాళ్లం. డీసీకి బల్ల మీద మీటల కౌంటర్, వంద అవగానే టింగుమనేది. అది పాడైతే కాగితం మీద ఐదేసి గీతలు. ఇప్పటి పిల్లలకి బటన్ నొక్కడం తప్ప స్మియర్ (స్లైడ్ మీద రక్తపు పల్చటి పొర) లాగడం రాదు. నువ్వు చాంబర్ దించావంటేనే సగం టెక్నీషియన్‌వి అయినట్టు.

హెమటాలజీ_పీజీ · సోమవారం రాత్రి 10:31

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఒక్క చాంబర్ కౌంట్ పట్టుకుని మెషీన్ తప్పని తేల్చలేం.

160 కణాలు లెక్కపెట్టారు. ఇలాంటి లెక్కలో అటూ ఇటూ ఊగడం వర్గమూలం మీద ఆధారపడుతుంది. 160కి వర్గమూలం పన్నెండున్నర పైన, దాన్ని రెట్టింపు చేస్తే 25. అంటే అదే రక్తం మళ్లీ మళ్లీ చాంబర్‌లో వేస్తే నూటికి తొంభై ఐదుసార్లు 135కీ 185కీ మధ్య ఎక్కడైనా రావచ్చు. కౌంట్‌లో చెప్పాలంటే 6,700 నుంచి 9,300 దాకా. పిపెట్‌లో రక్తం గీత దాటడం, చాంబర్ నిండటంలో తేడా ఇంకా కలపలేదు. అవీ కలిపితే 9,400 ఏమంత దూరం కాదు.

మెషీన్ అదే ట్యూబ్‌లోంచి వేల కణాలు లెక్కపెడుతుంది. పదిసార్లు పెట్టినా రెండు మూడు శాతం తేడాతో అదే అంకె ఇస్తుంది. కాకపోతే అది తప్పు చెబుతున్నా అంతే నిలకడగా చెబుతుంది. అసలు చిక్కు అక్కడుంది.

వీణగారూ, ఒకటి కాదు, పది శాంపిల్స్ చేయగలరా? మామూలు మనుషులవి, కౌంట్లు 5,000కీ 12,000కీ మధ్యవి. పదింటికీ స్మియర్లు కూడా లాగి ఉంచండి.

గుంటూరు_మాస్టారు · సోమవారం రాత్రి 10:44

వర్గమూలాలు మాకూ తెలుసులే బాబూ. అందుకే అనుమానమొస్తే చాంబర్ రెండు వైపులా నింపి లెక్కపెట్టేవాళ్లం. సరే, పది చేయమన్నావుగా, అది సబబే.

బెజవాడ_ల్యాబ్_ఓనర్ · మంగళవారం ఉదయం 7:15

ఓనర్లందర్నీ దొంగల్లా చూడకండి. మూడు లెవెల్స్ కంట్రోల్ కొంటే మూత తీశాక ఉండేది రెండు వారాల చిల్లర. మా ఊళ్లో సీబీపీ రేటు పెంచితే పక్క ల్యాబ్‌కి పోతారు. రోజుకి నలభై శాంపిల్స్ చేసే చోట ప్రతి పొద్దున్నా కంట్రోల్ నడపమంటే గిట్టుబాటు ఎక్కడ? పైగా త్రీ పార్ట్ కాబట్టే ఈ గొడవ. ఫైవ్ పార్ట్ కొంటే ఇవన్నీ ఉండవు కదా?

హెమటాలజీ_పీజీ · మంగళవారం ఉదయం 8:02

ఫైవ్ పార్ట్ అయినా పొరబడుతుంది సార్, కాకపోతే వేరే చోట. త్రీ పార్ట్ కణం సైజు ఒక్కటే చూసి లింఫ్ (లింఫోసైట్లు), మిడ్ (మధ్య సైజువి), గ్రాన్ (గ్రాన్యులోసైట్లు) అని మూడు గుట్టలు పోస్తుంది. ఫైవ్ పార్ట్ కాంతి ఎలా చెదిరిందో చూస్తుంది, కొన్ని రంగు కట్టి చూస్తాయి, కొన్ని పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ చూస్తాయి. అందుకని ఇయోసినోఫిల్స్ అనే రకం విడిగా తెలుస్తాయి. అయితే మలేరియా రోగి న్యూట్రోఫిల్ (ఇంకో రకం తెల్లకణం) ఆ క్రిమి వదిలిన నల్ల పిగ్మెంట్ మింగి ఉంటే కొన్ని మెషీన్లు దాన్నే ఇయోసినోఫిల్ కింద వేసేస్తాయి. ప్లేట్‌లెట్లు గుంపు కడితే తెల్లకణంలా కనిపించడం రెండింటిలోనూ ఉంది. డెంగీ సీజన్‌లో ఇది రోజూ చూస్తాం.

కంట్రోల్ ఖర్చు గురించి ఒకటి. నిన్నటి పేషెంట్ ట్యూబులు రెండు ఫ్రిజ్‌లో పెట్టి ఇవాళ పొద్దున్నే మళ్లీ నడపండి. మొత్తం తెల్లకణాల కౌంట్ ఒక్క రోజుకేమీ చెడిపోదు. డిఫరెన్షియల్‌కి, అంటే రకాలవారీ లెక్కకి, మాత్రం పాత రక్తం పనికిరాదు. ఇది కంట్రోల్‌కి బదులు కాదు, కానీ పైసా ఖర్చు లేదు.

ఏజెన్సీ_ల్యాబ్ · మంగళవారం మధ్యాహ్నం 1:20

పాడేరు వైపు పనిచేశాను కాబట్టి నాదొకటి. సికిల్ సెల్ ఉన్న పిల్లాడు, ఆరేడేళ్లుంటాయి. మెషీన్ 38,000 ఇచ్చింది. వార్డులో అప్పటికే బ్లడ్ క్యాన్సర్ అనే మాట పాకిపోయింది, తల్లి గోడకి చేరగిలబడి కూర్చుంది. స్మియర్ చూస్తే ఎక్కడ చూసినా కేంద్రకం ఉన్న ఎర్రకణాలే. వంద తెల్లకణాలు లెక్కపెట్టేలోపు 90 వచ్చాయి. మా మెషీన్‌లో లైజ్ అనే మందు ఎర్రకణాన్ని పగలగొట్టినా ఆ కేంద్రకం మిగిలిపోతుంది, దాన్ని తెల్లకణం కింద లెక్కవేస్తుంది.

38,000ని 100తో గుణించి 190తో భాగిస్తే 20,000. నొప్పులతో వచ్చిన సికిల్ పిల్లాడికి 20,000 వింతేమీ కాదు. ఆ రోజు ఆ స్లైడ్ లాగకుండా రిపోర్ట్ ఇచ్చేసి ఉంటే వాళ్లని ఎక్కడికి తరిమేవారో.

డాలస్_టెక్ · మంగళవారం రాత్రి 8:50

మాది వరంగల్, ఇక్కడ పెద్ద హాస్పిటల్ ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్. మా దగ్గర ట్యూబ్ పట్టా మీద వెళ్తుంది, అనుమానం వస్తే మెషీనే స్మియర్ లాగి, స్టెయిన్ వేసి, ఇంకో మెషీన్‌కి ఇస్తుంది. అది కణాల ఫోటోలు తీసి జాతులవారీగా పేర్చి స్క్రీన్ మీద పెడుతుంది. మేం ఒప్పుకోవడమో మార్చడమో. బెంగళూరు సిగ్‌టుపుల్ వాళ్ల ఏఐ100 కూడా అలాంటి పనే చేస్తుంది.

అన్ని శాంపిల్స్‌కీ స్మియర్ చూడం. ఏవి చూడాలో ముందే రాసిపెట్టుకుంటాం. 2005లో అంతర్జాతీయ ల్యాబ్ హెమటాలజీ వాళ్లు 41 రూల్స్ ఇచ్చారు. మొదటిసారి వచ్చిన పేషెంట్‌కి తెల్లకణాలు 4,000 లోపు ఉన్నా, 30,000 దాటినా స్లైడ్ చూడాలన్నది అందులో ఒకటి. వాటిని మీ ఊరికి తగ్గట్టు పదికో పన్నెండుకో కుదించుకుని గోడకి అంటించండి.

వీణ, పది శాంపిల్స్ సంగతేమైంది?

వీణ_డీఎంఎల్‌టీ · బుధవారం రాత్రి 9:15

అయ్యాయి అన్నా. పదికి పదిలోనూ మెషీనే ఎక్కువ! తక్కువలో తక్కువ 9 శాతం, ఎక్కువలో ఎక్కువ 19 శాతం. మాస్టారు చెప్పినట్టు ప్రతిదీ రెండు వైపులా నింపి లెక్కపెట్టా. కళ్లు మండుతున్నాయి.

హెమటాలజీ_పీజీ · బుధవారం రాత్రి 9:32

ఇదీ మనకి కావాల్సింది. నాణెం పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ బొమ్మే పడే అవకాశం 1,024లో ఒకటి. ఇది అదృష్టం కాదు. ఏదో ఒకటి ఒకే వైపుకి లాగుతోంది.

కెమిస్ట్రీ_బెంచ్ · బుధవారం రాత్రి 9:50

తొందరపడకండి. ఒకే వైపుకి లాగుతున్నది మెషీన్ అనే ఎందుకు అనుకుంటున్నారు? వీణగారి పిపెట్ ప్రతిసారీ రక్తం కాస్త తక్కువ తీసుకుంటుంటే పదికి పదీ తక్కువే వస్తాయి. ఆ పిపెట్ బీరువాలో ఎన్నేళ్లుగా ఉందో? ఎవరు క్యాలిబ్రేట్ చేశారు? రెండు గడియారాలకి తేడా ఉందంటే ఏది తప్పో ఆ తేడా చెప్పదు.

వీణ_డీఎంఎల్‌టీ · బుధవారం రాత్రి 9:58

😔 ఇది ఆలోచించలేదు. రేపు మా ఓనర్ గారు సరిగ్గా ఇదే అంటారు.

డాలస్_టెక్ · బుధవారం రాత్రి 10:20

కెమిస్ట్రీ గారు అడిగింది సరైన ప్రశ్నే. జవాబు మాత్రం వీణ దగ్గరే ఉంది. స్మియర్లు లాగావు కదా? వాటిలో లింఫోసైట్లు ఎంత శాతం, మెషీన్ ఎంత ఇచ్చింది?

పిపెట్ తప్పయితే అన్ని కణాలూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. శాతాలు మారవు. స్లైడ్‌కి పిపెట్‌తో పనే లేదు.

వీణ_డీఎంఎల్‌టీ · బుధవారం రాత్రి 11:40

ఇప్పుడే ఇంట్లోంచి మళ్లీ ల్యాబ్‌కొచ్చి చూశా, మా తమ్ముణ్ణి తోడు తెచ్చుకున్నా. పదింటిలోనూ మెషీన్ లింఫ్ శాతమే ఎక్కువ. మొదటి శాంపిల్‌కి, అదే 8,000, 9,400 వచ్చినదానికి, స్లైడ్ మీద 200 కణాలు లెక్కపెడితే లింఫ్ 30, గ్రాన్ 64. మెషీన్ లింఫ్ 40, గ్రాన్ 54 ఇచ్చింది. మిగతావీ దాదాపు ఇలాగే.

హెమటాలజీ_పీజీ · గురువారం ఉదయం 6:45

వీణగారూ, దొరికింది. శాతాలు పక్కనపెట్టి అసలు అంకెలు వేయండి.

చేతి లెక్క 8,000లో గ్రాన్ 64 శాతం అంటే 5,120. మెషీన్ 9,400లో 54 శాతం అంటే 5,076. రెండూ ఒకటే! ఇక లింఫ్: చేతి లెక్కలో 2,400, మెషీన్‌లో 3,760. మొత్తం తేడా 1,400 అయితే అందులో 1,360 లింఫ్ గుట్టలోకే పోయింది.

అంటే చాంబర్ తప్పలేదు, మెషీన్ గ్రాన్యులోసైట్లనీ సరిగ్గానే లెక్కపెడుతోంది. లింఫోసైట్ సైజుకి దగ్గరగా ఉన్న మరేదో తెల్లకణాల్లో కలిసిపోతోంది. ఒక్క పేషెంట్‌లో అయితే ఏజెన్సీ ల్యాబ్ వారు చెప్పినట్టు కేంద్రకం ఉన్న ఎర్రకణాలో, ప్లేట్‌లెట్ గుంపులో అనుకునేవాణ్ణి. మామూలు మనుషులు పదిమందికి అవి ఉండవు. సర్వీస్ వాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?

కెమిస్ట్రీ_బెంచ్ · గురువారం ఉదయం 7:10

ఒప్పుకున్నా. పిపెట్‌కి క్షమాపణలు.

సర్వీస్_అన్న · గురువారం ఉదయం 9:30

నేనున్న. కరీంనగర్ సైడు మెషీన్లు చూస్త. చెల్లె, మూడు సంగతులు చెప్పు. తెల్లకణాల గ్రాఫ్ (ఏ సైజు కణాలు ఎన్నున్నయో చూపే గీత) ఎడమ దిక్కు, చిన్న సైజు 35 ఫెమ్టోలీటర్ల కాడ, కిందికి దిగి నేలను తాకుతుందా, లేక గాల్లనే మొదలైతుందా? రెండోది, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాలల్ల హిమోగ్లోబిన్ గాఢత) ఎంతొస్తుంది అందరికీ? మూడోది, లైజ్ డబ్బా ఎప్పుడు మార్చిన్రు?

వీణ_డీఎంఎల్‌టీ · గురువారం ఉదయం 11:05

గ్రాఫ్ నేలను తాకట్లేదన్నా, ఎడమ గోడకి ఆనుకునే మొదలవుతోంది. పక్కన చిన్న ఫ్లాగ్ కూడా పడుతోంది. రోజూ పడుతుంటే అలవాటైపోయి చూడటం మానేశాం, నిజం చెప్పాలంటే.

ఎంసీహెచ్‌సీ ఈ వారం అందరికీ 36, 37. హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) రావాలని చదువుకున్నాం కదా, ఒకాయనకి 13.2కి 36 వచ్చింది. 39, 40 దగ్గర రావాలి.

లైజ్ డబ్బా మీద నేనే తేదీ రాశా. పదకొండు రోజులైంది. 😶

సర్వీస్_అన్న · గురువారం ఉదయం 11:25

గదే. కంపెనీ లైజా, వేరేదా?

వీణ_డీఎంఎల్‌టీ · గురువారం ఉదయం 11:31

వేరేది. సప్లయర్ కుర్రాడు "అన్ని మెషీన్లకీ సెట్ అవుతుంది, రేటు సగం" అని ఇచ్చి వెళ్లాడు. పాత డబ్బాలో అడుగున మిగిలింది కూడా ఇందులోనే పోశాం.

సర్వీస్_అన్న · గురువారం మధ్యాహ్నం 12:10

ఏమైతదంటే, మెషీన్‌ల లైజ్ ఎంత పడాలె, ఎన్ని సెకన్లు ఆగాలె అనేది దాని సొంత లైజ్‌కు తగ్గట్టు కట్టి ఉంటది. వేరే మందు పోసి మళ్ల క్యాలిబ్రేషన్ చేయకపోతే ఎర్రకణాలు పూర్తిగ పగలయి. రెండు మందులు కలిపితె ఇంక చెప్పనే వద్దు. అదే బాత్‌ల (రక్తం, మందు కలిసే గిన్నె) హిమోగ్లోబిన్ కూడ చూస్తది గద, నీళ్లు మబ్బుగ ఉంటె హిమోగ్లోబిన్ ఎక్కువ చూపెడ్తది. అందుకె ఎంసీహెచ్‌సీ పైకి పోయింది. సైడు లైజైతే అన్నీ చెడ్డయే అంటలేను. మార్చిన నాడు సరిచూసుకోకపోవుడు తప్పు.

హెమటాలజీ_పీజీ · గురువారం మధ్యాహ్నం 12:40

ఒక చిన్న లెక్క, ఇది నన్నే ఆశ్చర్యపరిచింది. మైక్రోలీటర్ రక్తంలో ఎర్రకణాలు 50 లక్షలు, తెల్లకణాలు 8,000. వీణగారి మెషీన్‌లో అదనంగా కనబడ్డవి 1,400. అంటే లైజ్ నుంచి తప్పించుకున్నవి ప్రతి 10,000 ఎర్రకణాల్లో మూడు కూడా కాదు. మిగతా 9,997 పగిలాయి. అయినా కౌంట్ 17 శాతం పెరిగింది.

గుంటూరు_మాస్టారు · గురువారం మధ్యాహ్నం 2:15

మెషీన్‌లో కణాలు దూరే ఆ రంధ్రానికి ఏం తెలుసు నాయనా ఎవరు తెల్లో ఎవరు ఎర్రో. షికాగోలో వాలెస్ కూల్టర్ అనే ఆయన దీనికి 1953 అక్టోబర్‌లో పేటెంట్ తెచ్చుకున్నాడు. ఉప్పునీళ్లలో సన్నటి రంధ్రం, దానికి అటూ ఇటూ కరెంటు. కణం దూరినప్పుడల్లా తన సైజు మేర నీళ్లని పక్కకి నెడుతుంది, ఆ క్షణం కరెంటుకి అడ్డం పెరుగుతుంది, ఒక ఉలికిపాటు. ఉలికిపాటు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. దుమ్మయినా బుడగయినా ఉలికిపాటు ఉలికిపాటే. మేం మొదటి మెషీన్ వచ్చినప్పుడు పక్క గదిలో మిక్సీ వేస్తే కౌంట్ పెరుగుతుందని నవ్వుకునేవాళ్లం. నిజంగా పెరిగేదో లేదో గానీ క్యాంటీన్ వాణ్ణి మాత్రం తిట్టేవాళ్లం.

బెజవాడ_ల్యాబ్_ఓనర్ · గురువారం సాయంత్రం 6:30

మా ల్యాబ్‌లో వాడేది ఏ లైజో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నా. వేరేదే. రేపు పొద్దున్నే నేనూ గ్రాఫ్ చూస్తా. ఎంసీహెచ్‌సీ సంగతి ఇంకాస్త చెప్పండి, కంట్రోల్ కొనకుండా దాంతో పట్టుకోవచ్చా?

డాలస్_టెక్ · గురువారం రాత్రి 8:40

కొంతవరకు. 1974లో డాక్టర్ బుల్ అనే ఆయన చూపించిన పద్ధతి ఇది. వరుసగా ఇరవై మంది పేషెంట్ల ఎంసీవీ (ఎర్రకణం సైజు), ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో హిమోగ్లోబిన్), ఎంసీహెచ్‌సీ సగటు చూస్తే రోజురోజుకీ పెద్దగా కదలదు. కదిలిందంటే మనుషులు కాదు, మెషీన్ మారింది. చాలా మెషీన్లలో మెనూ లోపల ఇది ఉంటుంది, ఎవరూ ఆన్ చేయరు. అయితే అది చూసేది ఎర్రకణాల వైపు. తెల్లకణాలకి నిన్నటి ట్యూబు, నెలకోసారైనా కంట్రోల్. ఏడాది పొడవునా పక్కాగా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్ నుంచి నడిచే హెమటాలజీ ఈక్యూఏ అనే నాణ్యత తనిఖీలో చేరండి. వాళ్లు శాంపిల్ పంపుతారు, మీ అంకె మిగతా ల్యాబ్‌ల పక్కన ఎక్కడుందో తెలుస్తుంది.

వీణ_డీఎంఎల్‌టీ · ఆదివారం సాయంత్రం 5:20

ఆలస్యమైంది, సారీ. శుక్రవారం కంపెనీ లైజ్ తెప్పించారు. సర్వీస్ అన్న చెప్పినట్టు ట్యూబింగ్ మొత్తం కడిగి, మూడుసార్లు ప్రైమ్ చేసి (కొత్త మందు గొట్టాల్లో నింపి), బ్యాక్‌గ్రౌండ్ (రక్తం లేకుండా వచ్చే లెక్క) చూశాకే శాంపిల్ పెట్టాం. గ్రాఫ్ ఎడమ వైపు నేలకి దిగింది. ఎంసీహెచ్‌సీ 33, 34. కొత్తగా ఆరు శాంపిల్స్ చాంబర్‌తో పోల్చా. మూడింట్లో మెషీన్ కాస్త ఎక్కువ, మూడింట్లో నేను ఎక్కువ.

అసలు తలనొప్పి పాత రిపోర్టులు. పదకొండు రోజులవి నాలుగు వందల పైన ఉన్నాయి. ఓనర్ గారు మొదట "అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్" అన్నారు. నేను హెమటాలజీ గారి లెక్క కాగితం మీద రాసి బల్ల మీద పెట్టా. ఏం మాట్లాడలేదు. సాయంత్రం ఆయనే ఎదురు క్లినిక్‌కి వెళ్లి డాక్టర్ గారికి చెప్పొచ్చారు. 11,000కీ 13,500కీ మధ్య ఇచ్చిన పేర్లు వెతికితే 38 తేలాయి. ఫోన్లు చేస్తున్నాం, ఉచితంగా మళ్లీ చేస్తామని. కొంతమంది ఎందుకని అడుగుతున్నారు, కొంతమంది తిడుతున్నారు. ఒకావిడకి 12,200 చూసి హెర్నియా ఆపరేషన్ వాయిదా వేశారట. నిన్న చేస్తే 9,900. ఆవిడ తిట్టలేదు, "మరి ఆ యాంటీబయోటిక్ డబ్బులెవరిస్తారు?" అని మాత్రం అడిగింది. ఓనర్ గారు డ్రాయర్ తీసి ఇచ్చారు.

సర్వీస్_అన్న · ఆదివారం సాయంత్రం 6:02

మంచిగైంది చెల్లె. ఆ సైడు డబ్బా పారబొయ్యి, మళ్ల ఎవరన్న ఎత్తి పోస్తరు.

గుంటూరు_మాస్టారు · ఆదివారం రాత్రి 7:48

అమ్మాయ్, ఒకటి అడగడం మరిచా. చాంబర్ మీద వేసింది దాని సొంత మందపు కవర్ గ్లాసేనా, లేక స్లైడ్లకి వాడే పల్చటి కవర్ స్లిప్పా? పల్చటిది వంగుతుంది, లోతు మారిపోతుంది.

వీణ_డీఎంఎల్‌టీ · ఆదివారం రాత్రి 8:10

మందపుదే మాస్టారూ. ఒక్కటే మిగిలింది, అంచు కొంచెం విరిగి ఉంది. కొత్తది ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?